గేటు మీద ఎర్ర తువ్వాలు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అది పుట్టుకతోనే ఉందని అమ్మ అంటుంది గానీ, దానికి ఒక హోదా వచ్చింది మాత్రం నేను జర్మనీ వెళ్లాకే. అంతకుముందు నేను కోప్పడితే "దీనికి ఆకలేస్తున్నట్టుంది, ఏదైనా పెట్టండి" అనేవారు ఇంట్లో. రెండేళ్లు అక్కడ ఉండి వచ్చేసరికి అదే కోపం నా కళ్లకి క్రమశిక్షణలా కనిపించడం మొదలెట్టింది. ఇరవై ఐదేళ్ల వయసు. గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వాటి పళ్లు కొలిచే ఉద్యోగం. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా పక్కన పడేసే అధికారం. అలాంటి మనిషిని నెలరోజుల సెలవు మీద విశాఖపట్నంలో వదిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కనిపించిందల్లా కొలిచాను, కొలిచిందల్లా పక్కన పడేశాను.

దిగిన మర్నాడే గాజువాక జంక్షన్‌లో తెల్లచారల దగ్గర నిలబడ్డాను. మనిషి కాలు మోపగానే బళ్లు ఆగాలి కదా! నేను కాలు మోపాను, తీశాను, మళ్లీ మోపాను. లారీ ఆగలేదు, బస్సు ఆగలేదు, చివరికి చెరకు బండి కూడా ఆగలేదు. పావుగంట గడిచాక ఒక ఆటో డ్రైవర్ మాత్రం ఆగాడు, అదీ జాలిపడి. "ఏటమ్మా, దాటుతావా, ఇక్కడే ఉండిపోతావా?" అన్నాడు. రోడ్డు దాటే హక్కు గురించి అతనికి అక్కడే పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అంతా ఓపిగ్గా విని, "అయితే ఎక్కమ్మా, అటుపక్క దింపీస్తాను" అన్నాడు. ఎక్కాను. (ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.)

అయితే అసలు కోపం రోడ్ల మీద కాదు, ఇంటికి వచ్చిపోయే జనం మీద. మాది ఉక్కునగరంలో క్వార్టర్. నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. కింది అంతస్తు, ముందు చిన్న గేటు, వెనక వంటింటి తలుపు. ఆ రెండూ పొద్దున్న తెరిస్తే మళ్లీ రాత్రి మూయడమే. జర్మనీలో పక్కింటావిడ నన్ను కాఫీకి పిలవాలంటే మూడు వారాల ముందు చెబుతుంది, తారీఖు రాసుకోమంటుంది. ఇక్కడ ఎదురింటి అత్త వంటింటి తలుపులోంచి నేరుగా వచ్చి, పొయ్యి మీద గిన్నె మూత తీసి, వాసన చూసి, ఆ తర్వాత నేనున్నానని గుర్తించేది. "ఏటే గుంటా, ఇలగ సిక్కిపోనావు? ఆ దేశంలో అన్నం ఎట్టరేటి?" అని నా రెక్క పట్టుకుని తూకం చూసేది. ఆవిడ వెళ్లగానే ఇంకొకరు. ఆవిడ కూర్చుని ఉండగానే మరొకరు. ఎప్పుడు వెళ్తున్నావని ఒకరు, పెళ్లెప్పుడని ఇంకొకరు, అక్కడ సూర్యుడు ఉంటాడా అని వేరొకరు. అమ్మ అందరికీ టీ పెట్టేది. నాకు మాత్రం అగ్గి మీద గుగ్గిలం వేసినట్టుండేది.

దానికి తోడు నిద్ర లేదు. ఆ దేశపు రాత్రి ఇంకా నా ఒంట్లోంచి పోలేదు. వాళ్లకి తెల్లవారుజామైతే నాకు ఇక్కడ పొద్దున్న పది దాటేది, సరిగ్గా అప్పుడే కళ్లు మూతలు పడేవి, సరిగ్గా అప్పుడే బెల్లు మోగేది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు పొద్దున్న అమ్మ నా జాకెట్లు కుట్టించడానికి గాజువాక బయల్దేరింది. నాన్నకి ఆ వారం మొదటిది, 'ఏ' షిఫ్టు. ఉదయం ఆరుకి ఎక్కితే మధ్యాహ్నం రెండుకి దిగడం. ఇంట్లో నేనొక్కదాన్నే. నిద్ర ముంచుకొస్తోంది. రెండు తలుపులూ గడియ పెట్టాను. అప్పుడు దండెం మీద నాన్న ఎర్ర తువ్వాలు కనిపించింది.

ఆ తువ్వాలు గురించి మీకు చెప్పాలి. నాన్న నడిపేది మామూలు క్రేన్ కాదు. కరిగిన ఉక్కు నిండిన ఇంతింత గంగాళాలు (వాటిని లేడిల్ అంటారు) ఎత్తి, కింద పనిచేసేవాళ్ల తలల మీదుగా మోసుకెళ్లే క్రేన్. ఆ చెయ్యి ఒక్క క్షణం కునుకు తీసిందంటే కింద ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని రాత్రి షిఫ్టు, అంటే సీ షిఫ్టు, చేసి వచ్చినవాళ్లు పగలు నిద్రపోవాల్సిందే. మా వీధిలో ఎవరు మొదలుపెట్టారో గానీ, సీ షిఫ్టు మనిషి పడుకున్న ఇంటి గేటుకి ఎర్ర తువ్వాలు కడతారు. అది కనిపిస్తే ఎవరూ బెల్లు కొట్టరు. కుక్కర్ కూత కూయకుండా దింపేస్తారు. గ్యాస్ బండ దొర్లించరు, ఎత్తుకుని తెస్తారు. పిల్లలు క్రికెట్ అవతలి వీధికి మార్చేస్తారు. చిన్నప్పుడు నేనూ ఆ తువ్వాలు చూసి మునివేళ్ల మీద నడిచినదాన్నే. జర్మనీలో ఆదివారం వాషింగ్ మెషీన్ వేసినందుకు కింద ఇంటావిడ నా తలుపుకి చీటీ అంటించిపోయింది. ఆ మర్నాడు ఫ్యాక్టరీలో కాఫీ తాగుతూ నేను నవ్వుతూ ఏమన్నానో తెలుసా? "మా ఊళ్లో నిశ్శబ్దం అనే మాటే లేదు" అన్నాను. ఇంత తువ్వాలు అంత తేలిగ్గా మరిచిపోయాను.

మరిచిపోయినదాన్ని ఆ పూట మాత్రం గుర్తుచేసుకున్నాను, నా అవసరానికి. నాన్న ఇంట్లో లేకపోతే ఏం, తువ్వాలు ఉందిగా! గేటుకి కట్టి వచ్చాను. అమ్మ ఫోన్ ఛార్జింగులో మరిచిపోయి వెళ్లింది, అది మోగుతుందని స్విచాఫ్ చేశాను. నాది సైలెంట్‌లో పెట్టాను. పడుకున్నాను. ఎంత నిద్రనుకున్నారు! కాకి కూడా అరవలేదు. వీళ్లకి క్రమశిక్షణ నేర్పేవాళ్లు లేకపోబట్టి గానీ, నేర్పితే నేర్చుకుంటారు అనుకున్నాను నిద్రలోకి జారుతూ.

ఒక్క సంగతి నా బుర్రకి తట్టలేదు. మా వీధిలో ఎవరు ఏ వారం ఏ షిఫ్టో అందరికీ కంఠతా వచ్చు. పొద్దున్న ఆరుకే డ్యూటీ ఎక్కాల్సిన మనిషి ఇంటికి పగలు పదకొండు గంటలకి ఎర్ర తువ్వాలు కట్టి ఉందంటే ఒక్కటే అర్థం, ఆ మనిషి డ్యూటీకి వెళ్లలేదు, మంచాన పడ్డాడు. పైగా నాన్న స్కూటర్ క్లచ్ వైరు తెగి వాకిట్లోనే ఉంది, ఆయన ఆ రోజు షిఫ్టు బస్సులో వెళ్లారు. అమ్మ గాజువాక వెళ్లడం ఎవరూ చూడలేదు (మా వీధి చరిత్రలో అలా జరగడం అదొక్కసారే). నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో అది లాకర్లో ఉంటుంది. అమ్మ ఫోన్ స్విచాఫ్. నా ఫోన్ పలకదు. ఇంకేం కావాలి? ప్లాంటుకి ఫోన్ చేసి అడగొచ్చుగా అని మీరంటారు. తువ్వాలు అబద్ధం చెబుతుందనే అనుమానం వస్తేగా అడగడానికి!

రెండున్నరకి మెలకువ వచ్చింది. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలిగ్గా ఉంది. కాసిని మంచినీళ్లు తాగి, ఆవలిస్తూ వీధి తలుపు తీశాను. తీసినదాన్ని తీసినట్టే నిలబడిపోయాను. వాకిట్లో ముప్ఫై మందికి తక్కువ లేరు. ఎండలో, చెప్పులు గేటు బయట విడిచేసి, ఒక్కరూ మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. ఒకావిడ చేతిలో జావ గిన్నె. ఒకాయన చంకలో రెండు కొబ్బరి బొండాలు. గ్లూకోజ్ పొట్లాలు, థర్మామీటర్, ఒక టేబుల్ ఫ్యాన్. గేటు పక్కనే ఒక ఆటో, దాన్ని మలుపు దగ్గరే ఇంజన్ ఆపేసి చేతులతో తోసుకొచ్చారట, ఆసుపత్రికి అవసరపడితే సిద్ధంగా ఉంటుందని. అప్పికొండ నుంచి వచ్చే చేపలావిడ కూడా గంప దించి గోడవార కూర్చుని ఉంది. వీధి చివర కేకేస్తే మా పెరట్లో పిల్లి లేచి కూర్చునేంత గొంతు ఆవిడది. ఆవిడా నోరు మెదపడం లేదు.

నాకు ఇవేవీ అర్థం కాలేదు. కనిపించింది ఒక్కటే, పిలవకుండా వచ్చిన ముప్ఫై మంది. నాలుగు రోజుల కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. "ఇది ఇల్లా, బస్టాండా? ఒకరింటికి వచ్చేముందు ఫోన్ చేయాలని ఇక్కడ ఒక్కరికీ తెలీదా? మనిషికి కాస్త ప్రైవసీ అక్కర్లేదా? తలుపు తెరిస్తే జనం, కిటికీ తెరిస్తే జనం! కాసేపు పడుకుందామంటే లేదు, కూర్చుందామంటే లేదు. నాగరికత అంటే ఏమిటో మీకెవరూ చెప్పలేదా?" అని అరిచాను. మధ్యలో రెండు ముక్కలు జర్మన్ కూడా వచ్చాయి. అరుస్తూనే ఉన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురింటి అత్త మాత్రం కంగారుగా రెండడుగులు ముందుకొచ్చి, నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి, చెవిలో అంది.

"మెల్లగా మాటాడే గుంటా. మీ నాన్న తొంగున్నాడు."

సరిగ్గా అప్పుడు వీధి మలుపులో మోటారుసైకిల్ చప్పుడైంది. తువ్వాలు ఉన్న వీధిలోకి అంత చప్పుడు తెచ్చిన మూర్ఖుడెవడా అని ముప్ఫై తలలూ అటు తిరిగాయి. వచ్చింది నాన్న. నెత్తిన ప్లాంటు హెల్మెట్, కాళ్లకి సేఫ్టీ బూట్లు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా. జరిగిందేమిటంటే, ఎదురింటి మావయ్యది ఆ వారం బీ షిఫ్టు, నాన్న తర్వాత అదే క్రేన్ ఎక్కేది ఆయనే. రెండు గంటలకి క్యాబిన్‌లోకి ఎక్కేసరికి అక్కడ నాన్న కనిపించారు. "బావా! నువ్విక్కడున్నావేటి? మీ గేటుకి తువ్వాలు కట్టుంది, నువ్వు తొంగున్నావని వీధంతా మీ వాకిట్లోనే ఉంది!" అన్నాడట. తను ఇక్కడుంటే మంచం మీద ఎవరున్నారు? భార్యా, కూతురా? నాన్న ఆయన బండి తాళం లాక్కుని, రెండేసి మెట్లు దిగి, వచ్చేశారు.

నన్ను తలుపులో నిలబడి చూశారు. "అమ్మేది?" అన్నారు. గాజువాక వెళ్లిందన్నాను. ఆయన అక్కడే గేటు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు. తర్వాత తువ్వాలు ముడి విప్పి చేతిలోకి తీసుకున్నారు. "ఎవలు కట్టారిది?" అని అడిగారు.

"నానే నాన్నా" అన్నాను. రెండేళ్లుగా నా నోట్లోంచి రాని మా ఊరి 'నాను', కష్టపడి నేర్చుకున్న భాషలన్నీ పక్కకి తోసేసి అదే వచ్చింది. "ఎందుకు?" అన్నారు. "నిద్రొచ్చింది" అన్నాను.

మూడున్నర గంటలు బిగబట్టిన వీధి ఒక్కసారి బద్దలైంది. ముందు చేపలావిడ లేచింది. "ఓలమ్మో! ఈ గుంట కునుక్కోసమా నాను నోరు కట్టీసుకుని కూకున్నాను? నా వంజరాలు సూడండి, ఎండకి ఎలాగైపోనాయో! ఈటినిప్పుడు ఎవలు కొంటారు, మీ జర్మనీవోళ్లు వచ్చి కొంటారేటి?" అంది. ఎదురింటి అత్త చేతిలోని గ్లూకోజ్ పొట్లం నేలమీద దబ్బున పడేసింది. "నా కుక్కరు ఒక్క కూతైనా రానీకుండా దింపీసినాను. పప్పు ఉడకనేదు. మీ మావయ్య ఆవకాయ నంజుకుని డ్యూటీకెల్లిపోనాడు. ఇంతా సేసి ఈ మహాతల్లి పడుకుందంట! నాగరికతంట!" అంది. కుట్టుమిషను ఆపిన ఆవిడ, గోడకి సగం మేకు కొట్టి వదిలేసిన ఆయన, ఆటో తోసినవాళ్లు, అందరూ ఒకేసారి తిట్టారు. అంతలో అమ్మ దిగింది. వాకిట్లో జనాన్ని చూసి వీధి మొదటి నుంచే ఏడుస్తూ వచ్చింది, సంగతి తెలిశాక ఏడుపు ఆపి, చేతిలోని జాకెట్ల సంచితో నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ గంపలోని చేపలన్నీ తనే తీసుకుంది. మూడు పూటలు వంజరమే తిన్నాం. నాకు మాత్రం ముళ్లే గొంతులో దిగాయి.

నాన్న ఒక్కరే తిట్టలేదు. అందరూ వెళ్లాక తువ్వాలు మడత పెడుతూ అన్నారు. "సోమారం నుంచి నాకు సీ షిఫ్టు. రాత్రంతా ఆ లేడిల్ ఎత్తుతాను. కింద ఇరవైమంది ఉంటారు, అందరికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. పొద్దున్నొచ్చి ఈ తువ్వాలు కడతాను. ఇక దీన్ని ఎవలు నమ్ముతారు? సెప్పు." ఆయన గొంతు పెంచలేదు గానీ, తువ్వాలు అంచులు ఎంతకీ కలవడం లేదు. ఎన్నేళ్లుగానో క్రేన్ మీటల మీద తడబడని చేతులవి. కోపం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అంతవరకూ నాది ఉత్త చిరాకు.

సోమవారం రాత్రి నాన్న డ్యూటీకి వెళ్లారు. మంగళవారం పొద్దున్న ఆయన వచ్చి పడుకున్నాక, అమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు లోపల వేసింది. "తువ్వాలు మాట పోగొట్టావు కదా, ఇక నువ్వే తువ్వాలువి. కూర్చో" అంది. కూర్చున్నాను. తువ్వాలు గేటుకి కట్టాను, నేను దాని పక్కన. అమ్మ చెప్పినట్టే అయింది, నన్ను చూడకుండా ఎవరూ నమ్మలేదు. ఎదురింటి అత్త గేటు దాకా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "తొంగున్నది ఎవలు? నీ తండ్రా, నువ్వా?" అని అడిగింది. "నాన్నే అత్తా" అన్నాను. "ఒట్టెయ్" అంది. వేశాను. అయినా నమ్మక, కిటికీ దగ్గరకెళ్లి తొంగి చూసి, నాన్న గురక విని, అప్పుడు వెళ్లి కుక్కర్ దింపింది. చేపలావిడ అయితే రెండు రోజులు కావాలనే మా గేటు ముందు నిలబడి గంప సర్దుకుంది. అరుస్తుందేమోనని నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. అరవలేదు. నా వైపు ఒక చూపు మాత్రం చూసి వెళ్లిపోయింది, ఆ చూపు కంటే కేకే నయం.

జర్మనీలో అనుకున్న సెలవు వేరు. బీచ్‌లూ, అరకూ, స్నేహితులూ అన్నీ రాసుకుని వచ్చాను. ఒక వారమంతా ప్లాస్టిక్ కుర్చీలో గడిచింది. కూర్చున్నచోటే మనుషులు తెలిశారు. జావ తెచ్చినావిడ సొంత మొగుడికి ఒంట్లో బాగోలేని రోజు అది, అయినా వచ్చింది. కొబ్బరి బొండాలాయనకి నాన్నతో ఏదో గొడవై ఆరునెలలుగా మాటల్లేవట. ఆ రోజు ఎండలో మూడు గంటలు నిలబడ్డాడు, మాటలు కలిపింది కూడా అదే. వీళ్లనా నేను నాగరికత తెలీదన్నది! ఒళ్లు మండింది నాకు, నా మీదే. అత్తని క్షమించమని అడుగుదామని వెళ్తే, "ముందు ఈ చిక్కుడుకాయలు ఒలువు" అంది. ఒలిచాను. క్షమించిందో లేదో చెప్పలేదు గానీ, వెళ్తుంటే ఒక గిన్నె పప్పు చేతిలో పెట్టింది, బాగా ఉడికిన పప్పు.

ఆదివారం పొద్దున్న, అంటే ఆ వారం సీ షిఫ్టుల్లో ఆఖరిది చేసి వచ్చిన రోజు, నాన్నే తువ్వాలు కట్టారు. కుర్చీ లోపల పెట్టెయ్యమన్నారు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఊపిరి బిగబట్టి విన్నాను. ఎదురింట్లో కుక్కర్ బుస్సుమని, కూత మొదలవబోయి, సగంలో ఆగిపోయింది. వీధి మొదట్లో "సేపలో..." అని మొదలైన కేక మా గేటు దగ్గరికి వచ్చేసరికి గొణుగుడైపోయి, దాటాక మళ్లీ లేచింది. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ కిటికీలోంచి చూడలేదు. గదిలో నాన్న గురక వినిపిస్తోంది. నేను వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చేశాను, చప్పుడు కాకుండా.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నాన్న రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో ఫ్లాట్ తీసుకున్నాం. నేనూ వచ్చేశాను. అయితే ఉద్యోగం ఆ ఫ్యాక్టరీదే, వాళ్ల రాత్రి షిఫ్టు కొలతలు ఇక్కణ్ణుంచే కంప్యూటర్లో చూస్తాను. నాకది తెల్లవారుజామున మొదలై పొద్దున్న పదిన్నరకి తెములుతుంది. పదకొండుకి పడుకుంటాను. అంటే ఇప్పుడు ఇంట్లో సీ షిఫ్టు మనిషిని నేనే. నాన్న నా కోసం ఫ్లాట్ తలుపుకి అదే ఎర్ర తువ్వాలు కడతారు, రంగు వెలిసి ఇటుక రంగుకి వచ్చింది. ఈ అపార్ట్‌మెంట్‌లో దాని అర్థం ఎవరికీ తెలీదు, బట్టలు తలుపులకి ఆరేయకూడదని ఒకసారి నోటీసు కూడా ఇచ్చారు. అందుకని ఆయన కుర్చీ వేసుకుని తలుపు బయటే కూర్చుంటారు. లిఫ్టు తెరుచుకోగానే, పార్సిల్ కుర్రాడైనా, పాల ప్యాకెట్ల అతనైనా, బెల్లు మీద వేలు పెట్టేలోపే అడ్డుపడతారు. "మెల్లగా! మా అమ్మాయి తొంగుంది!" అని అంతస్తంతా మారుమోగేలా అరుస్తారు. ఎన్నో ఏళ్లు క్రేన్ చప్పుడులో పనిచేసిన మనిషికి తన గొంతు ఎంతుందో తెలియదు. రోజూ నాకు మెలకువ వచ్చేది బెల్లుకి కాదు, ఆ కేకకే. ముక్కు మీదకి కోపం వస్తుంది, లేచి వెళ్లి నాలుగు అనేద్దామనుకుంటాను. కాళ్లు కింద పెడతాను కూడా. అంతలో తలుపుకి తువ్వాలు కట్టి ఉందని గుర్తొచ్చి, చప్పుడు చేయకుండా మళ్లీ పడుకుంటాను.